పేజీలు సర్దుడు మనమే నేర్చుకుందాం



పోస్టు కొంచెం పొడుగైంది. స్కాలర్‌షిప్, ఫెలోషిప్, హాస్టల్ సీటు కోసం అప్లికేషన్ పెట్టేవాళ్లు మాత్రం చివరిదాకా చదవండి.

నిరుడు ఒక అప్లికేషన్ కోసం శామీర్‌పేట దగ్గర ఒక నెట్ సెంటర్‌లో సర్టిఫికెట్లు స్కాన్ చేయించిన. అన్నీ కలిపి ఒకటే పీడీఎఫ్ ఉండాలె. ముందు కులం, తర్వాత ఆదాయం, బోనఫైడ్, మెమోలు, చివరకు బ్యాంక్ పాస్‌బుక్. వరస కూడా వాళ్లు చెప్పిందే. రెండు వైపులా అచ్చున్న కాగితాలు మూడు ఉన్నయి. సెంటర్ అతను ముందు వైపులన్నీ స్కాన్ చేసి, కట్ట తిప్పి వెనక వైపులు చేసిండు. ఫైల్‌లో అవి 1, 3, 5, 6, 4, 2 అని పడ్డయి. ఆదాయం సర్టిఫికెట్ తలకిందులుంది. తొందరల అట్లనే అప్‌లోడ్ చేసిన. పత్రాలు సరిగా లేవని వెనక్కొచ్చింది. మళ్లీ స్కాన్ పైసలు, మళ్లీ బస్సు కిరాయి, ఒక రోజు క్లాసు పోయింది. గడువు ఇంకా రెండు రోజులుంది కాబట్టి బతికిపోయిన.

తర్వాత తెలిసిందేందంటే, మళ్లీ స్కాన్ చేసే అవసరమే లేకుండె. ఐదు నిమిషాల పని.

పీడీఎఫ్ లోపల ప్రతి పేజీ విడిగా ఉంటది. ఏది ముందు, ఏది వెనక అనేదానికి లోపల ఒక జాబితా ఉంటది. పేజీలు సర్దే సాఫ్ట్‌వేర్ మార్చేది ఆ జాబితానే, పేజీ మీద ఉన్న బొమ్మను కాదు. అందుకే అక్షరాలు మసకబారవు. మనం చేసేదేమో స్క్రీన్‌షాట్లు తీసి మళ్లీ పీడీఎఫ్ చేసుడు. దాంతోటి స్టాంపు కనబడది, సంతకం కనబడది.

పీడీఎఫ్‌ను 1993లో అడోబీ కంపెనీ తెచ్చింది. 2008లో అది అంతర్జాతీయ ప్రమాణం అయింది. అందుకే ఎవరైనా దానికి సాఫ్ట్‌వేర్ రాయొచ్చు, ఉచితంగా ఇయ్యొచ్చు. పీడీఎఫ్ అరేంజర్ అట్లాంటిదే. విండోస్‌లో, లినక్స్‌లో నడుస్తది. పేజీలన్నీ చిన్న బొమ్మలుగా కనబడతయి. మౌస్‌తోటి పట్టుకొని జరుపుడే. తలకిందులుంటే తిప్పొచ్చు, ఖాళీ పేజీ తీసేయొచ్చు, ఇంకో ఫైల్ కలపొచ్చు. ముందు వైపులు ఒక ఫైల్, వెనక వైపులు ఇంకో ఫైల్ అయి ఉంటే, పీడీఎఫ్‌శామ్ బేసిక్‌లో ఆల్టర్నేట్ మిక్స్ అని ఉంది. వెనక ఫైల్‌ను రివర్స్ పెడితే అదే ఒకటి విడిచి ఒకటి కలుపుతది. ఇదీ ఉచితమే.

"ఫోన్‌ల వెబ్‌సైట్ తెరిస్తే అయిపోతది గదా" అని కొందరంటరు. నిజమే, అయిపోతది. కానీ ఆ ఫైల్‌లో మన ఆధార్, కులం, నాయిన ఆదాయం, బ్యాంక్ ఖాతా నంబర్ అన్నీ ఒక్క దగ్గర ఉన్నయి. అది మొత్తం ఎవరిదో సర్వర్‌కు పోతది. నెట్ సెంటర్ కంప్యూటర్ డెస్క్‌టాప్ మీద మనోళ్ల సర్టిఫికెట్లు ఎన్ని పడి ఉంటయో ఒకసారి చూడండి. సొంత కంప్యూటర్‌లో నడిచే సాఫ్ట్‌వేర్‌కు ఇంటర్నెట్టే అక్కర్లేదు.

రెండు జాగ్రత్తలు. డిజిటల్ సంతకం ఉన్న ఫైల్‌ను, ఉదాహరణకు ఈ-ఆధార్‌ను, సర్దినా, వేరేదాంట్లో కలిపినా ఆ సంతకం చెల్లది. అసలు ఫైల్ విడిగా దాచుకోండి, కాపీ మీదనే పని చేయండి. ఇంకోటి, పేజీలు సర్దితే ఫైల్ సైజు తగ్గది. దానికి కంప్రెస్ చేసుడు వేరే పని.

"రిజర్వేషన్, భూమి, ఉద్యోగాలు మాట్లాడాల్సిన గ్రూపుల పీడీఎఫ్ ముచ్చటేంది" అని అడిగేటోళ్లకు ఒక మాట. తెలంగాణ ప్రాంతంలో లంబాడీలకు ఎస్టీ హోదా 1976 చట్ట సవరణతోటి వచ్చింది. ఎస్టీ రిజర్వేషన్ 6 నుంచి 10 శాతం అయింది 2022లో. వాటి వెనక పెద్దోళ్ల కొట్లాట ఉంది. కానీ ఆ హక్కు తండా నుంచో గూడెం నుంచో వచ్చిన పిల్లగాని చేతికి అందేది ఒక అప్లికేషన్ ద్వారానే. కొట్లాడి తెచ్చుకున్నది పేజీ వరస దగ్గర ఆగొద్దు.

తప్పంతా మనదే అని కూడా నేను అంట లేను. ఒక్కో సర్టిఫికెట్‌కు ఒక్కో అప్‌లోడ్ బటన్ పెడితే ఈ బాధే ఉండది. వరస తప్పిన ఫైల్‌కు, తప్పుడు పత్రానికి తేడా చూడాలె. వెనక్కి పంపితే ఏ పేజీ బాగలేదో రాయాలె. మన జిల్లా కలెక్టరేట్ శామీర్‌పేట మండలం అంతాయిపల్లిలనే ఉంది. సోమవారం ప్రజావాణిలో ఈ మూడు మాటలు రాసి అందరం సంతకాలు పెట్టి ఇద్దాం.

అది అయ్యేదాకా మన పని మనం చేసుకుందాం. మేడ్చల్, శామీర్‌పేట వైపు హాస్టళ్లలో, రూముల్లో ఉండేటోళ్లం ఒక ఆదివారం కూడుదాం. ల్యాప్‌టాప్ ఒక్కటి ఉన్నా చాలు. ఒక్కొక్కరు తమ ఫైల్ తామే సర్దాలె, పక్కోళ్లు చేసిపెట్టొద్దు. నేర్చుకున్నోళ్లు ఊరికి పోయినప్పుడు ఇంటర్ చదివే ఇద్దరికి నేర్పాలె.

ల్యాప్‌టాప్ తేగలిగిన అన్నలు, అక్కలు కింద చెప్పండి. ఎక్కువ మందికి కుదిరే ఆదివారం చూసి పెట్టుకుందాం.