గోడ మీది దోమ ఏదో తెలియకుండా మందు కొడితే ఏం లాభం?

2027 నాటికి దేశంలో పుట్టే మలేరియా కేసులను సున్నాకు తెస్తామనీ, 2030 నాటికి జబ్బునే నిర్మూలిస్తామనీ కేంద్ర ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుంది. మంచిదే. అయితే నిర్మూలన అనే మాట కొత్తది కాదు. 1958లో కూడా నిర్మూలన పథకమే పెట్టారు. 1965 నాటికి దేశంలో ఏడాదికి సుమారు లక్ష కేసులకు దిగింది. అక్కడ పట్టు సడలింది. డి.డి.టి.కి దోమ తట్టుకోవడం నేర్చింది. 1976 నాటికి కేసులు 64 లక్షలు దాటాయి. ఆ దెబ్బ కొండల్లో, అడవుల్లో బతికే కూలిజనానికీ తగిలింది.

మైదానం వాళ్లు దీనికి మన్యం జ్వరం అని పేరు పెట్టారు. తప్పు మన నీళ్లదీ కాదు, గాలిదీ కాదు, దోమది. ఆ దోమలోనూ అన్నిటిదీ కాదు. కనక కొయ్యూరు మొదలు చింతపల్లి, గూడెంకొత్తవీధి దాకా ప్రతి గూడెంలో ముందు వేయవలసిన ప్రశ్న ఒకటే: మనల్ని కుడుతున్నది ఏ దోమ?

దోమ ఈగకు చుట్టం. రెండిటికీ రెండేసి రెక్కలే. మనకు జబ్బులు తెచ్చే దోమలు ముఖ్యంగా మూడు జాతులు. మలేరియా తెచ్చేది అనాఫిలిస్. గోడ మీద తల దించి, వెనక భాగం పైకెత్తి, మేకు ఏటవాలుగా దిగినట్టు కూర్చుంటుంది. రెక్కల మీద నలుపు తెలుపు మచ్చలుంటాయి. ఆడదాని ముఖాన తొండానికి అటూ ఇటూ అంతే పొడుగున రెండు మీసాలుంటాయి. బోదకాలు తెచ్చే క్యూలెక్స్ మట్టిరంగుది, గూని పెట్టి గోడకు సమంగా కూర్చుంటుంది. డెంగీ తెచ్చే ఏడిస్ నల్లనిది, కాళ్ల మీద తెల్లని కట్లుంటాయి, పగలే కుడుతుంది. పిల్లపురుగుల్లోనూ తేడా ఉంది. అనాఫిలిస్ పిల్ల నీటిపైన పడుకున్నట్టు అడ్డంగా తేలుతుంది. తక్కిన రెండిటి పిల్లలూ తలకిందులుగా వేలాడతాయి.

కానీ ఒక్క గుర్తునే పట్టుకుంటే మోసపోతాం. పల్లెల్లో మలేరియాను ఎక్కువగా మోసే క్యూలిసిఫేసిస్ అనే అనాఫిలిస్ ఇంచుమించు క్యూలెక్స్ లాగే కూర్చుంటుంది. ఆ పోలికను బట్టే దానికి ఆ పేరు పెట్టారు. అందుకే కూర్చున్న తీరుతో పాటు రెక్క మచ్చనూ, మీసాన్నీ చూడాలి.

దోమను పోల్చుకోలేకపోతే ఎంత పని వృథా అవుతుందో మన తెలుగు గడ్డ మీదే రుజువైంది. సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ అనే మిలటరీ డాక్టరు 1895లో దోమల్ని కోసి చూడడం మొదలుపెట్టాడు. అవి ఎక్కువగా క్యూలెక్స్, ఏడిస్ జాతులవి. మనిషి మలేరియా క్రిమి వాటిలో పెరగదు. 1897 ఆగస్టులో బేగంపేట ఆసుపత్రి సహాయకుడొకడు, గోడ మీద తోక ఎత్తి కూర్చున్న చిన్న దోమను ఆయనకు చూపించాడు. ఆ రోజుల్లోనే రెక్క మచ్చల దోమలను హుసేన్ ఖాన్ అనే రోగి మీద వదిలారు. కుట్టిన దోమకొక అణా చొప్పున అతనికి ఇచ్చారు. ఆగస్టు 20న ఆ దోమ కడుపులో క్రిమి కనబడింది. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. దోమను చూపించిన సహాయకుడి పేరు మాత్రం మరచిపోయానని రాస్ తన జ్ఞాపకాల్లో చెప్పుకున్నాడు. పనివాడి కన్ను గొప్పదే. చరిత్రలో అతని పేరే మిగల్లేదు.

ఇక కంటికి కూడా అందని తేడా ఒకటుంది. మన కొండల్లో గెడ్డల అంచున, ఊటల్లో, మెల్లగా పారే తేటనీటిలో పెరిగే అనాఫిలిస్ పేరు ఫ్లువియటైలిస్. వానలు తగ్గి గెడ్డలు నెమ్మదించాక ఇది పెరుగుతుంది. అది ఒక జాతి కాదనీ, అచ్చు ఒకేలా కనిపించే కొన్ని జాతుల గుంపనీ 1990లలో మన దేశ శాస్త్రజ్ఞులే తేల్చారు. వాటికి ఎస్, టి, యు అని పేర్లు పెట్టారు. ఎస్ రకం మనిషి నెత్తురు తాగి, మనుషులుండే ఇళ్లలోనే వాలుతుంది. జబ్బు మోసేది ఇదే. టి రకం గొడ్లను కుట్టి పశువుల సాలల్లో ఉంటుంది. మనకు పొరుగున ఉన్న కోరాపుట్ కొండల్లో ఎస్ రకం ఉన్నట్టు తేలింది. ఈ తేడా భూతద్దానికి కూడా దొరకదు, ప్రయోగశాల కావాలి.

ఇదంతా చదువుకున్నవాళ్ల ముచ్చట కాదు. ఏ దోమో తెలిస్తేనే మందు ఇంటి గోడకు కొట్టాలా, సాలకు కొట్టాలా అన్నది తేలుతుంది. ఏ నెలలో కొట్టాలో, ఏ మందుకు అది చస్తుందో తేలుతుంది. తెలియకుండా కొడితే లెక్కల్లో మందు ఖర్చవుతుంది, గూడెంలో జ్వరం మిగులుతుంది. జ్వరమొచ్చిన రోజు కూలి లేదు. మెదడుకెక్కే మలేరియా అయితే ప్రాణమే పోతుంది.

కనక మనం అడగవలసినవి ఇవి. ఏజెన్సీలోనే కీటక శాస్త్రజ్ఞులు, దోమల ప్రయోగశాల ఉండాలి. ఏ గూడెంలో ఏ దోమ ఉందో, ఏ మందుకు లొంగుతుందో ఊరి సభలో చెప్పాలి. దోమలు పట్టే పనికి గిరిజన యువకులను తీసుకొని, శిక్షణా కూలీ ఇవ్వాలి. మందు కొట్టే తేదీ ముందే చెప్పాలి, ఎందుకంటే పండగకు గోడలు అలికితే మందు మట్టి కిందకు పోతుంది. పోడు కాపలాకు వెళ్లి గుడిసెలో పడుకునేవాళ్లకు కూడా మందు దోమతెరలు అందాలి.

మన వంతు పనీ ఉంది. జ్వరం వస్తే ఆ రోజే రక్తపరీక్ష చేయించుకోవాలి. గోడ మీది దోమ ఎలా కూర్చుందో పిల్లలకు చూపించాలి. శత్రువు ఏదో తెలిసిన ఊరు అధికారిని నిలదీసి అడగగలదు.