నేల విడిచి సాము చేసే 707 గుర్రాలు

స్టేజ్ వన్, స్టేజ్ టూ, స్టేజ్ త్రీ. కార్ల పిచ్చి ఉన్న ఎవరితో పది నిమిషాలు మాట్లాడినా ఈ మూడు మాటలు వినబడతాయి. మన థర్మో పుస్తకంలో గానీ, ఐసీ ఇంజిన్ల పుస్తకంలో గానీ వీటి ఊసే లేదు. ఇవి దుకాణం మాటలు. ఓ పుల్లీ, ఓ ఫిల్టర్, ఓ ట్యూన్ ఒకే డబ్బాలో పెట్టి అమ్మడానికి పెట్టుకున్న పేర్లు. దుకాణదారుణ్ణి తప్పు పట్టను, అతని పని అమ్మడం. కొనేవాడు, అందులోనూ బీటెక్ చదివినవాడు, దుకాణం వరుసనే ఇంజినీరింగ్ ప్లాన్ అనుకోవడం దగ్గరే నాకు పేచీ.

ఈ పేచీ నాకెందుకు వచ్చిందో చెప్తాను. మా పెద్దమ్మ కొడుకు డాలస్ దగ్గర ఉంటాడు. సాఫ్ట్‌వేర్. గత ఏడాది సెకండ్ హ్యాండ్‌లో ఒక డాడ్జ్ ఛాలెంజర్ హెల్‌క్యాట్ కొన్నాడు, 2016 మోడల్. దాన్ని 900 హార్స్‌పవర్‌కి తేవాలని ఓ లిస్టు రాసి, "తమ్ముడూ, నువ్వు మెకానికల్ కదా, ఒకసారి చూసి చెప్పరా" అని పంపాడు. లిస్టులో మొదటి వరుస చిన్న పుల్లీ. చివరి వరుస టైర్లు, పక్కన బ్రాకెట్లో "తర్వాత చూద్దాం". అదే కార్లో వెనక సీట్లో నాలుగేళ్ళ పాప కార్ సీటు ఉంటుంది.

కారు గురించి తెలియనివాళ్ళ కోసం కొంచెం. హెల్‌క్యాట్‌ 2015 మోడల్‌గా 2014లో వచ్చింది. 6.2 లీటర్ల వీ8 ఇంజిన్, దాని నెత్తిన 2.4 లీటర్ల ట్విన్ స్క్రూ సూపర్‌ఛార్జర్. 707 హార్స్‌పవర్, 881 న్యూటన్ మీటర్ల టార్క్. పాత తెలుగు పుస్తకాల్లో అశ్వశక్తి అనేవాళ్ళు, ఆ మాట ఈ బండికే ఎక్కువ నప్పుతుంది. బరువు రెండు టన్నుల పైచిలుకు. దీనికి రెండు రకాల తాళంచెవులు ఇచ్చారు. ఎర్రదానితో మొత్తం పవర్, నల్లదానితో 500 వరకే. మా వదిన ఎప్పుడూ నల్లదానితోనే నడుపుతుంది. "బాగానే పోతుంది కదా" అంటుంది. ఈ చర్చ మొత్తంలో అంత తెలివైన మాట ఇంకెవరూ అనలేదు.

ఇప్పుడు పుల్లీ సంగతి. సూపర్‌ఛార్జర్ క్రాంక్ నుంచి బెల్టు మీద తిరుగుతుంది. హెల్‌క్యాట్‌లో ఆ నిష్పత్తి 2.36. ఇంజిన్ 6,200 ఆర్‌పీఎం దగ్గర ఉంటే సూపర్‌ఛార్జర్ 14,600 దాకా తిరుగుతుంది, 11.6 పీఎస్‌ఐ బూస్ట్ ఇస్తుంది. పై పుల్లీని చిన్నది చేస్తే అదే ఇంజిన్ వేగానికి సూపర్‌ఛార్జర్ ఇంకా వేగంగా తిరిగి, ఇంకా ఎక్కువ గాలిని కుక్కుతుంది. గాలి పెరిగింది, దానికి తగ్గ పెట్రోలు పోస్తే పవర్ పెరిగింది. పెట్టిన డాలరుకి వచ్చే హార్స్‌పవర్ లెక్కన దీన్ని మించింది లేదు, ఆ మాట ఒప్పుకుంటాను. అందుకే అందరి లిస్టులోనూ మొదటి వరుస అదే.

కానీ గాలిని నొక్కితే వేడెక్కుతుంది. ఇది సెకండియర్ లెక్కే. డాలస్ ఎండాకాలంలో బయటి గాలి 40 డిగ్రీలు అనుకుందాం. 11.6 పీఎస్‌ఐ అంటే ప్రెజర్ రేషియో సుమారు 1.79. కంప్రెసర్ ఎఫిషియెన్సీ 70 శాతం అనుకుని లెక్క వేస్తే బయటికొచ్చే గాలి 120 డిగ్రీల దగ్గర తేలుతుంది. పుల్లీ మార్చి బూస్ట్‌ను 16 పీఎస్‌ఐకి తీసుకెళ్తే రేషియో 2.09, గాలి 145 డిగ్రీలు. ఈ అదనపు 25 డిగ్రీలను కూడా లాగాల్సింది అదే పాత ఇంటర్‌కూలర్, అదే పాత నీళ్ళ పంపు, ముందున్న అదే చిన్న రేడియేటర్. ఒక్క పరుగుకి లాగుతాయి. రెండో పరుగుకి నీళ్ళు వేడెక్కి ఉంటాయి. మూడో పరుగుకి ఇంజిన్ కంప్యూటర్ నాకింగ్ రాకుండా ఇగ్నిషన్ టైమింగ్‌ను వెనక్కి లాగేస్తుంది. డబ్బు పెట్టి కొన్న పవర్‌లో కొంత అక్కడే ఆవిరి. కంప్యూటర్‌ని ఆ పని చెయ్యనివ్వకుండా ట్యూన్ చేస్తే పవర్ ఉంటుంది, పిస్టన్ ఉంటుందో లేదో చెప్పలేం.

దీని తర్వాత పెట్రోలు. లిస్టులు రాసేవాళ్ళు ఎక్కువగా జారిపోయేది ఇక్కడే అని నా అభిప్రాయం, ఎందుకంటే ఫ్యూయల్ పంపు ఫొటోకి అందంగా ఉండదు. సూపర్‌ఛార్జ్ చేసిన పెట్రోల్ ఇంజిన్ ఒక్కో హార్స్‌పవర్‌కి గంటకి దాదాపు 270 గ్రాములు తాగుతుంది అనుకుంటే, 707కి గంటకి 190 కిలోలు. అంటే నిమిషానికి నాలుగు లీటర్ల పైనే. మన ఇళ్ళలో పంచపాత్ర నిండే టైములో ఈ ఇంజిన్ ఎంత తాగుతుందో ఊహించుకోండి. 900కి వెళ్తే నిమిషానికి ఐదున్నర లీటర్లు. పంపు, లైను, ఇంజెక్టర్లు అంత ఇవ్వలేకపోతే మిశ్రమం పలచబడుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది, నాకింగ్ మొదలవుతుంది. బూస్ట్ పెరిగిన ఇంజిన్‌లో పెట్రోలు చాలకపోవడం అంటే ఎండలో పనిచేసేవాడికి మంచినీళ్ళు ఆపేయడమే.

అన్నయ్య దీనికో జవాబు సిద్ధంగా పెట్టుకున్నాడు. "ఈ-85 పోస్తాను." ఆలోచన మంచిదే. ఇథనాల్‌కి ఆక్టేన్ ఎక్కువ, ఆవిరయ్యేటప్పుడు పెట్రోలు కంటే రెండింతలకు పైగా వేడిని లాగుతుంది. డాడ్జ్ వాళ్ళే 2023లో తెచ్చిన డీమన్ 170 మామూలు పెట్రోలు మీద 900, ఈ-85 మీద 1,025 హార్స్‌పవర్ ఇస్తుంది. అదే ఇనుము, తేడా ఇంధనానిదే. కాని ఇథనాల్ కలిసే కొద్దీ అదే పనికి లీటర్లు ఎక్కువ కావాలి, ఈ-85 అయితే దాదాపు మూడో వంతు ఎక్కువ. ఐదున్నర కాస్తా ఏడు దాటుతుంది. కాబట్టి ఈ-85 పోస్తానంటే ఫ్యూయల్ సిస్టమ్ బిల్లు తప్పదు, ఇంకా పెరుగుతుంది కూడా. పైగా అమెరికా బంకుల్లో ఈ-85 అని బోర్డు ఉన్నా అందులో ఇథనాల్ కాలాన్ని బట్టి, ప్రాంతాన్ని బట్టి 51 నుంచి 83 శాతం దాకా ఉండొచ్చు. ఎంత ఉందో కొలిచే సెన్సార్ లేకుండా ట్యూన్ చేయించడం చీకట్లో బాణం. (మన దగ్గర ఈ-20 వచ్చాక మైలేజీ తగ్గిందని హాస్టల్లో రోజూ గొడవపడేవాళ్ళకి ఈ లెక్క పనికొస్తుంది. ఇథనాల్‌లో లీటరుకి శక్తి తక్కువ. అంతే, కుట్రేమీ లేదు.)

ఇక టైర్లు. నాకు అసలు కోపం ఇక్కడ. మొదటి గేర్ 4.71, వెనక యాక్సిల్ 2.62. 881 న్యూటన్ మీటర్లను వీటితో గుణించి, దారిలో పది శాతం నష్టం తీసేసి, 364 మిల్లీమీటర్ల టైరు వ్యాసార్థంతో భాగిస్తే రోడ్డు మీద తోయడానికి ఇంజిన్ ఇవ్వగలిగింది సుమారు 27 వేల న్యూటన్లు. వెనక రెండు టైర్లు పట్టగలిగేది ఎంత? బయల్దేరేటప్పుడు బరువులో 55 శాతం వెనక్కి వచ్చిందనుకున్నా, మంచి పొడి రోడ్డు మీద రాపిడి గుణకం 1 అనుకున్నా, 11 వేలు. మొదటి గేర్లో టైరు భరించేదానికి రెండున్నర రెట్లు. రెండో గేర్లో కూడా ఎక్కువే. మూడో గేర్లోకి వచ్చాక గానీ రెండూ ఇంచుమించు సమానం కావు. ఇది పుల్లీ మార్చకముందు, కంపెనీ నుంచి వచ్చిన కారు లెక్క! మన పెద్దవాళ్ళు నేల విడిచి సాము అన్నారే, అది అచ్చంగా ఇదే.

నా లెక్క మీద నమ్మకం లేకపోతే డాడ్జ్ ప్రకటించిన అంకెలే చూడండి. హెల్‌క్యాట్‌ మామూలు టైర్లతో పావు మైలు 11.2 సెకన్లు. అదే కారు, అదే ఇంజిన్, డ్రాగ్ టైర్లు వేస్తే 10.8. ఒక్క హార్స్‌పవర్ పెంచకుండా 0.4 సెకను. డ్రాగ్ రేసింగ్‌లో అది చిన్న సంగతి కాదు. అయితే డ్రాగ్ టైర్లు వానలో పనికిరావు, డాలస్‌లో వడగళ్ళ వానలు మామూలే. రోజూ తిరిగే కారుకి మంచి సమ్మర్ టైర్లు ఒక జత, ట్రాక్‌కి వేరే చక్రాలతో ఇంకో జత అని రాసిచ్చాను. ఖర్చు చూసి మూలిగాడు.

ఫ్యాక్టరీ వాళ్ళు ఈ పనిని ఏ వరుసలో చేశారో చూస్తే నా వాదన ఇంకా తేలికవుతుంది. 2018 మోడల్‌గా వచ్చిన డీమన్‌లో 707 నుంచి 808కి, రేస్ ఇంధనంతో 840కి తెచ్చారు. సూపర్‌ఛార్జర్‌ని 2.7 లీటర్లకి పెంచింది నిజమే. దాంతోపాటు రెండు ఫ్యూయల్ పంపులు పెట్టారు. పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్లు గట్టివి వేశారు. వెనక హాఫ్ షాఫ్టులు, ప్రొపెల్లర్ షాఫ్టు బలపరిచారు. 315 వెడల్పు డ్రాగ్ టైర్లు తొడిగారు. ఏసీ గ్యాస్‌తోనే ఇంటర్‌కూలర్ నీళ్ళను చల్లబరిచే ఏర్పాటు కూడా పెట్టారు. నాకు ఆ కారులో అన్నిటికంటే నచ్చింది అదే. క్యాబిన్‌లో మనిషికి అందాల్సిన చల్లదనాన్ని ఇంజిన్‌కి మళ్ళించారు. 133 హార్స్‌పవర్ కోసం వందలమంది ఇంజినీర్లున్న కంపెనీ ఇన్ని భాగాలు ముట్టుకుంటే, 193 కోసం అన్నయ్య లిస్టులో పుల్లీ, ఫిల్టర్, ట్యూన్. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

ట్యూన్ గురించి రెండు మాటలు. ఈ కార్ల ఇంజిన్ కంప్యూటర్‌కి కంపెనీ తాళం వేసి పంపింది. మార్చాలంటే తాళం తీసిన కంప్యూటర్ కావాలి, అది వేరే ఖర్చు. క్యాటలిటిక్ కన్వర్టర్లు పీకేయమని సలహా ఇచ్చేవాళ్ళు కూడా ఉంటారు. అది అమెరికా ఫెడరల్ చట్టానికి విరుద్ధం, చర్చే అనవసరం. ఎగ్జాస్ట్ మోత పెరిగితే పవర్ పెరిగినట్టు అనిపించడం అన్నది డాలస్‌లోనూ, మా ఊరి బుల్లెట్ బ్యాచ్‌లోనూ ఒకే రోగం.

"ఇంత ఆలోచిస్తే సరదా ఏముందిరా" అని అన్నయ్య ఎదురు ప్రశ్న. అది కొట్టిపారేసే ప్రశ్న కాదు. ఛాలెంజర్ తయారీ 2023 డిసెంబర్‌లో ఆగిపోయింది. ఇలాంటి కారు తన చేతిలో ఉందన్న ఆనందం అతనిది, లెక్కల పుస్తకం పట్టుకుని నేను దాన్ని లాక్కోలేను. అయినా నాకు తెలిసిన సరదా, మూడో పరుగులో కూడా మొదటి పరుగంత పవర్ ఇచ్చే కారుది. అలాంటి కారు 750 దగ్గర ఆగినా, ఒక్క డైనో కాగితం మీద 900 చూపించి తర్వాత వేడికి సొమ్మసిల్లే కారు కంటే నాకు మేలు. డైనో అంకె కూడా గది ఉష్ణోగ్రతను బట్టి, వాడిన కరెక్షన్‌ను బట్టి, చక్రాల దగ్గర కొలిచారా క్రాంక్ దగ్గరకి లెక్కగట్టారా అన్నదాన్ని బట్టి మారుతుంది. దాన్ని ఫ్రేము కట్టించి గోడకి తగిలించేవాళ్ళను చూస్తే జాలేస్తుంది.

కొత్త ఎస్ఆర్‌టీ కార్లు కొన్నవాళ్ళకి డాడ్జ్ అరిజోనాలో ఒక రోజు డ్రైవింగ్ ట్రైనింగ్ ఇప్పించేది. సెకండ్ హ్యాండ్ కొన్న అన్నయ్యకి అది రాలేదు. అందుకే నేను తిరగరాసిన ప్లాన్‌లో మొదటి వరుసలో వస్తువేదీ లేదు, ట్రాక్ మీద ఒక రోజు శిక్షణ ఉంది. రెండు, టైర్లు, బ్రేక్ ప్యాడ్లు, బ్రేక్ ఆయిల్. మూడు, ఇప్పుడున్న స్థితిలోనే ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రత, టైమింగ్, ఫ్యూయల్ ప్రెజర్ డేటా ఒక ఎండాకాలమంతా రికార్డు చెయ్యడం. నాలుగు, పెద్ద హీట్ ఎక్స్‌ఛేంజర్, పంపు. ఐదు, ఫ్యూయల్ సిస్టమ్. ఆరు, తాళం తీసిన కంప్యూటర్, సెన్సార్, స్పార్క్ ప్లగ్గులు. పుల్లీ ఏడో వరుసలో ఉంది.

దాన్ని మూడుకి తెమ్మని అన్నయ్య వారం నుంచి బేరమాడుతున్నాడు. వదిన నా పక్షం. ఆరు దాకా తగ్గాను, అంతకంటే పైకి రానివ్వను.