మొక్కలు మనం నాటాలి, సర్టిఫికెట్లు వాళ్లు పట్టుకుపోవాలా?

ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 విద్యా సంవత్సరం నుంచి డిగ్రీ పిల్లలకు పది నెలల ఇంటర్న్‌షిప్పు తప్పనిసరి చేశారు. అంటే చదువుకుంటూనే ఒక ఆఫీసులోనో కంపెనీలోనో చేరి పని నేర్చుకోవడం. పుస్తకం చదువు ఒక్కటే చాలదు, చేతికి పని రావాలి అన్నారు. మంచి మాటే. మన వాడల్లో పని రాని చెయ్యి యాడుంది గనక! కానీ పని నేర్చుకునే అన్నాళ్లూ తిండి ఎవరు పెట్టాలి, గది అద్దె ఎవరు కట్టాలి అన్న సంగతి మాత్రం పిల్లల నెత్తినే వదిలేశారు.

నా దగ్గర పదో తరగతి దాకా చదివిన ఒక పిల్ల ఉంది. మాదిగపల్లె పిల్ల. తండ్రి లేడు, తల్లి కూలికి పోతుంది. డిగ్రీలో వృక్షశాస్త్రం తీసుకుంది. రెండో ఏడు అయినాక, పట్నంలో పార్కులను చూసే ఒక సంస్థలో రెండు నెలలకు ఇంటర్నుగా తీసుకున్నారు. చెట్లు లెక్కపెట్టడం, చెట్లకు పేర్ల పలకలు రాయడం, గుంతలు తవ్వి మొక్కలు నాటడం, బడిపిల్లలు వస్తే తిప్పి చూపించడం - ఇదీ పని. స్టైపెండు లేదన్నారు. ఉండటానికి గదీ లేదన్నారు. తల్లి వడ్డీకి తెచ్చిన డబ్బు మూడు వారాల్లో హాస్టలుకు, బస్సుకు, తిండికి అయిపోయింది. పిల్ల ఇంటికొచ్చేసింది. మార్కులు పోకుండా, మా దగ్గర్లోని జిరాక్సు కొట్టులో పని చేసినట్టు కాగితం రాయించుకుంది.

ఆ పిల్లతో చేరిన పట్నం పిల్లలు సొంతింట్లో తిని, బండి మీద వచ్చి రెండు నెలలూ పూర్తి చేశారు. రేపు ఉద్యోగానికి పోతే వాళ్లకు పార్కులో పని చేసిన అనుభవం ఉన్నట్టు, ఈ పిల్లకు లేనట్టు. మెరిట్టు, మెరిట్టు అని మన మొహాన కొట్టేది ఇట్లాగే తయారవుతుంది.

ఆ తల్లి నన్నొక మాట అడిగింది. 'మాస్టారూ, ఉపాధి పనిలో నేను గుంత తవ్వితే కొలత వేసి కూలి ఇచ్చారు. నా బిడ్డ పట్నంలో తవ్వితే ఎదురు డబ్బులు పెట్టుకోవాలంట. ఇదేం చదువయ్యా?' ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నా, దానికి నా దగ్గర జవాబు లేకపోయింది.

చదువులో భాగం గదా, డబ్బెందుకు అంటారు కొందరు. డాక్టరు చదివేవాళ్లు హౌస్ సర్జన్లుగా చేసేది కూడా ఇంటర్న్‌షిప్పే, అదీ చదువులో భాగమే. గవర్నమెంటు మెడికల్ కాలేజీల్లో వాళ్లకు స్టైపెండు ఇస్తారు. ఇవ్వడం ఆలస్యమైతే వాళ్లు సమ్మె కట్టి అడుగుతారు. 1961 అప్రెంటిస్‌షిప్ చట్టం ప్రకారం అప్రెంటిస్‌కు స్టైపెండు ఇచ్చి తీరాలి. ఎస్సీ, ఎస్టీలకు సీట్లు కేటాయించాలని 1973లో ఆ చట్టంలో చేర్చారు. అదే పిల్లను ఇంటర్ను అని పిలిస్తే స్టైపెండూ లేదు, రిజర్వేషనూ లేదు. పేరు మార్చి హక్కు ఎగ్గొట్టడం మనకు కొత్తా?

బాబాసాహెబు 1913లో కొలంబియా యూనివర్సిటీకి పోగలిగింది బరోడా సంస్థానం స్కాలర్‌షిప్పు ఇవ్వబట్టే. అంతటి మేధావికే చేతిలో డబ్బు పెడితే గాని దారి తెరుచుకోలేదు. మన పిల్లలు గాలి తిని నేర్చుకోవాలా?

పార్కు అందరిదీ. బావులు, చెరువులు, రోడ్లు, జనం కూడే చోట్లు - వీటిలో కులం పేరుతో ఎవర్నీ ఆపకూడదని రాజ్యాంగం 15వ అధికరణం చెబుతుంది. గేటు దగ్గర మనల్ని ఎవరూ ఆపడం లేదు, నిజమే. తెల్లారకముందే చీపుర్లు పట్టుకుని లోపలికి పోయేది మన ఆడవాళ్లే గదా! హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున పార్కుకు దేశంలోనే మొదటి దళిత ముఖ్యమంత్రి దామోదరం సంజీవయ్య పేరుంది. విజయవాడ స్వరాజ్ మైదానంలో 2024 జనవరిలో 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం నిలబెట్టి స్మృతివనం తెరిచారు. పేర్లు మనవి, చీపుర్లు మనవి. పార్కుకు ప్లాను గీసే బల్ల దగ్గర, ఏ చెట్టు నాటాలో తేల్చే కుర్చీలో మన పిల్లలు ఎందరున్నారు? ఆ కుర్చీకి పోయే మొదటి మెట్టు ఈ ఇంటర్న్‌షిప్పు. అక్కడే మనవాళ్లు జారిపోతున్నారు.

అందుకని మనం అడగాల్సినవి మూడు. పార్కుల సంస్థలు తీసుకునే ప్రతి ఇంటర్నుకూ కనీసం హాస్టలు ఖర్చుకు, బస్సు ఖర్చుకు సరిపడా స్టైపెండు ఇవ్వాలి. బయటి ఊళ్ల పిల్లలకు ఆ నెలలు సాంఘిక సంక్షేమ హాస్టళ్లలో చోటివ్వాలి. ఇంటర్న్‌షిప్పు సీట్లలో రిజర్వేషను పాటించి, ఎవర్ని తీసుకున్నారో లిస్టు కాలేజీ నోటీసు బోర్డు మీద పెట్టాలి.

సంఘం కార్యకర్తలు ఈ వేసవికి ముందే మీ మండలంలో డిగ్రీ చదివే మన పిల్లల లిస్టు రాయండి. ఎవరు ఎక్కడ ఇంటర్న్‌షిప్పు చేశారు, ఎంత ఖర్చయింది, ఎవరు మధ్యలో వచ్చేశారు - అన్నీ అడిగి రాయండి. ఆ లిస్టు పట్టుకుని తల్లిదండ్రులతో కలిసి ప్రిన్సిపాలు దగ్గరికి, కలెక్టరు గ్రీవెన్సుకు పోదాం. జిరాక్సు కొట్టు కాగితం రాయించుకోవడం మన పిల్లలకు అలవాటు కాకముందే పోదాం.

జై భీమ్.