పబ్లిష్ నొక్కేముందు ఒక్కసారి...

పత్తికొండ నుంచి గుత్తికి వెళ్లే దారిలో ఎర్రగుడి ఉంది. అక్కడి బండల మీద క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో అశోకుడు చెక్కించిన శాసనాలున్నాయి. వాటిలో ఒక చిన్న శాసనం విచిత్రంగా ఉంటుంది. కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు సాగుతాయి. ఇక పద్నాలుగో శాసనంలో, రాసేవాడి పొరపాటు వల్ల అక్కడక్కడా లోపాలు ఉండవచ్చని చక్రవర్తే చెప్పుకున్నాడు. రాతి మీద పడ్డ తప్పును దిద్దడం ఎవరి తరం?

వెబ్‌సైట్‌కు ఆ ఇబ్బంది లేదు. లోకానికి చూపించే ముందు తయారుచేసినవాళ్లే ఒకసారి చూసుకోవచ్చు. దాని పేరే ప్రివ్యూ. తొందరలో చాలామంది దాన్ని వదిలేసి నేరుగా పబ్లిష్ నొక్కేస్తారు.

గూగుల్ సైట్స్, విక్స్, వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ వంటి వాటితో సైటు కట్టడానికి ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు. పెళ్లిపత్రిక నమూనా ఎంచుకున్నట్టు ఒక డిజైన్ ఎంచుకుని మాటలు, ఫొటోలు చేరిస్తే చాలు. పత్తికొండలో టమోటా వ్యాపారం చేసేవారైనా, ట్యూషన్లు చెప్పే మాస్టారైనా ఒక సాయంత్రంలో పూర్తి చేయవచ్చు. అసలు పని ఆ తర్వాతే.

గూగుల్ సైట్స్‌లో ప్రివ్యూ నొక్కితే పేజీ కంప్యూటర్లో, ట్యాబ్లెట్లో, ఫోన్లో ఎలా కనిపిస్తుందో మూడు రకాలుగా చూపిస్తుంది. ముందు ఫోన్ రూపమే చూడాలి. చూసేవారిలో ఎక్కువమంది చేతిలో ఉండేది అదే. ఫోన్ నంబర్లో అంకెలన్నీ సరిగ్గా ఉన్నాయా, మ్యాపు మన వీధినే చూపిస్తోందా, ప్రతి లింకూ తెరుచుకుంటోందా అన్నది ఒక్కొక్కటీ పరీక్షించాలి. ఇంట్లో ఇంకొకరితో కూడా చదివిస్తే మంచిది. రాసిన కంటికి తప్పు ఆనదు.

తెలుగుతో ఇంకో చిక్కుంది. డీటీపీ సెంటర్లో అను ఫాంట్లతో కొట్టించిన మ్యాటర్‌ను యథాతథంగా అతికిస్తే తెలుగు బదులు అర్థంలేని ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. దాన్ని యూనికోడ్‌లోకి మార్చాకే పెట్టాలి.

పబ్లిష్ చేసేటప్పుడు చిరునామా అడుగుతుంది. పేరు చిన్నగా, నోటితో చెబితే రాసుకునేలా ఉండాలి. సైటును ఎవరెవరు చూడవచ్చో కూడా అక్కడే నిర్ణయించుకోవాలి. ఆధార్ కాపీలు, పిల్లల వివరాలు పొరపాటున కూడా ఉండకూడదు. తర్వాత తీసేసినా, అప్పటికే ఎవరైనా దాచుకుని ఉంటే చేసేదేమీ లేదు.

పబ్లిష్ అయ్యాక చేసిన మార్పులు వాటంతటవే బయటికి రావు. గూగుల్ సైట్స్‌లో మళ్లీ పబ్లిష్ నొక్కేదాకా జనానికి పాతదే కనిపిస్తుంది. టమోటా ధరల విషయంలో ఇది చిన్న సంగతి కాదు. ధర పడిపోయి రైతులు పంటను రోడ్డు మీద పారబోసిన రోజులు పత్తికొండ చూసింది. నిన్నటి రేటును ఇవాళ్టిదనుకుని కాయ కోసి బండి కట్టిన రైతుకు కూలి, బాడుగ కూడా మీద పడతాయి. అందుకే ధర పక్కన తేదీ వేయాలి. రోజూ మార్చే ఓపిక లేకపోతే ధర పెట్టకుండా ఫోన్ నంబరిస్తే సరిపోతుంది.

చివరిగా, మాటలు, ఫొటోలు ఒక కాపీ సొంత కంప్యూటర్లోనూ దాచాలి. 1994లో మొదలై లక్షలాది మంది సొంత పేజీలకు చోటిచ్చిన జియోసిటీస్‌ను యాహూ 2009లో మూసేసింది. చిన్న వ్యాపారులకు గూగుల్ తన బిజినెస్ ప్రొఫైల్‌తో ఇచ్చిన ఉచిత సైట్లు కూడా 2024 మార్చిలో ఆగిపోయాయి. కాపీ దాచుకున్నవారు మరోచోట మళ్లీ మొదలుపెట్టుకోగలరు. దాచుకోనివారికి మొదటి అక్షరం నుంచీ పనే.