ఎనిమిదో తరగతి దాటాక ఇంటికెవరు చెబుతారు?

కామర్స్ మాస్టారు తన తరగతి నియమాలను పిల్లలకు చెప్పి ఊరుకుంటే చాలదు, అవి ఇంటికీ చేరాలి. 2009 విద్యా హక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి, అంటే బడి మాట ఇంటికి చేరే దారి ఒకటుంది. అయితే ఆ చట్టం ఎనిమిదో తరగతితోనే ఆగుతుంది. కామర్స్‌లో జర్నల్, లెడ్జర్, ట్రయల్ బ్యాలెన్స్ మొదలయ్యేది పదకొండో తరగతిలో. వారం రోజులు లెక్కలు రాయకపోతే తర్వాతి పాఠం అందని సబ్జెక్టు ఇది. ఒడిశా గంజాం జిల్లాలోని భంజనగర్ లాంటి చోట చిక్కు ఇంకా పెద్దది. ఈ జిల్లా మగవాళ్లు వేల సంఖ్యలో సూరత్ మరమగ్గాల మీద పనిచేస్తున్నారు, సమావేశానికి రమ్మంటే వాళ్లు రాగలరా? 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఈ జిల్లాలో తెలుగే ఇంటి భాషగా ఉన్న కుటుంబాలూ ఉన్నాయి. ఒడియాలోనో ఇంగ్లీషులోనో అచ్చేసిన కాగితం ఆ తల్లులకు ఏం చెబుతుంది? అందుకే హోంవర్క్ ఏ రోజు చూపాలి, ప్రాజెక్టు గడువెప్పుడు, మార్కులెలా వేస్తారు అన్నవి మొదటి వారంలోనే ఒడియాలో, తెలుగులో రెండు నిమిషాల వాయిస్ మెసేజ్‌గా పంపాలి. చదువు రాని తల్లీ వింటుంది, సూరత్‌లో తండ్రీ వింటాడు. పదహారేళ్ల పిల్లల వెంట పెద్దలు పడటమేమిటని కొందరంటారు. అందులో న్యాయముంది, కనుకే ఇంటికి వెళ్లాల్సింది పిల్లల మీద ఫిర్యాదులు కాదు, మాస్టారి నియమాలు. పనిభారమన్న అభ్యంతరమూ నిజమే, కానీ ఒక్కసారి రికార్డు చేస్తే తరగతంతటికీ సరిపోతుంది. మాస్టారికి తెలుగు రాకపోతే బడిలో తెలుగు వచ్చినవారి చేత చెప్పించవచ్చు. పిల్లవాడు ఫెయిలయ్యాకే కబురు పంపే పద్ధతిలో ఇంటివాళ్లు చేయగలిగిందేమీ మిగలదు.