విశాఖలో రెండు దినములు

శీతకాలపు సెలవులు సమీపించుచున్నవి. మన సంఘ సభ్యులలో పలువురు స్వదేశయాత్రకు సన్నాహములు చేసికొనుచున్నారు. వియన్నాకో, ప్రాగ్‌కో, లిస్బన్‌కో శుక్రవారము సాయంకాలము బయలుదేరి ఆదివారము రాత్రికి ఇల్లు చేరు చిన్న ప్రయాణములలో మనవారు సంపాదించిన నేర్పు మెచ్చదగినది. ఏ పేటలో బసచేసిన కాలినడకన ఎక్కువ చూడవచ్చునో, ఏ చిత్రశాలకు ముందుగా టిక్కెట్టు కొనవలయునో, ఏ దినమున ఏది మూసియుండునో, వారముల ముందుగనే విచారించి, ఆ నగరచరిత్రను గూర్చి ఒక పుస్తకమైనను చదివి మరీ విమానమెక్కుదురు. ఆ కుటుంబమే విశాఖపట్టణమునకు వచ్చినప్పుడు, ఒక పెండ్లికిని మరియొక పెండ్లికిని నడుమ దొరకిన రెండు దినములను రామకృష్ణా బీచిలో ఒక సాయంత్రముతోను, కైలాసగిరిపై ఒక మధ్యాహ్నముతోను, జగదాంబ సెంటరులో బట్టల కొనుగోలుతోను ముగించి, ఊరు చూచితిమన్న తృప్తితో వెడలిపోవును. పరాయి రాజధానులకు చూపు శ్రద్ధలో సగమైనను ఈ నగరమునకు చూపవలెనని సభ్యులకు మనవి చేయుచున్నాము.

విశాఖ రాజధాని కాదు. కొన్నియేండ్ల క్రిందట అట్టి ప్రతిపాదన యొకటి బయలుదేరి ఆగిపోయినది గాని, ఆ బిరుదు వచ్చినను రాకున్నను ఈ ఊరి గౌరవమునకు హెచ్చుతగ్గులు లేవని మా అభిప్రాయము. రాజప్రాసాదములను, విజయతోరణములను చూచుటకు ఐరోపా కలదు. ఇచ్చట చూడవలసినది పని. ఓడలు వచ్చిపోవుటయు, ఉక్కు కరగుటయు, పడవలనుండి చేపలు దిగుటయు, వీని వెనుకనున్న మనుష్యుల చరిత్రయు ఈ ఊరి సారము. ఈ యొక్క సంగతిని మనసున నుంచుకొన్నవారు ఏది చూడవలెనో, అంతకంటె ముఖ్యముగా ఏది విడువవలెనో, సులభముగా నిర్ణయించుకొనగలరు.

విడువవలసిన వానిలో మొదటిది అరకు. ఈ మాట పలువురకు రుచింపదని ఎరుగుదుము. బైలదిల్లా ఇనుపఖనిజమును జపానుకు పంపుటకై 1960ల దశకములో కొండలు తొలిచి వేసిన కొత్తవలస–కిరండూల్ రైలుమార్గము, ఆ సొరంగములు, బొర్రా గుహలు నిజముగా గొప్పవే. అవి గొప్పవి గనుకనే వేరొక యాత్రను కోరును. రెండు దినములలో నొకటి రైలులోనే గడచిపోయినయెడల నగరమునకు మిగులునది ఏమున్నది? సింహాచలము మాట వేరు. మ్రొక్కుబడి గలవారు తెల్లవారుజామున స్వామిదర్శనము చేసికొని రావచ్చును. అందులకు మా సలహా అవసరము లేదు.

మొదటి దినము సూర్యోదయమునకు ముందే ఫిషింగ్ హార్బరు చేరవలెను. మరపడవలు ఒడ్డుచేరు వేళ, వేలము పాటలు ముగిసి, జాలరిపేట స్త్రీలు తమ వంతు గంపల కెత్తుకొను వేళ, ఈ పట్టణము ఏ వృత్తిపై పుట్టినదో బోధపడును. అచ్చటినుండి వన్‌టౌన్‌కు పోయి పాతపోస్టాఫీసు దగ్గర వాహనము దిగి నడువవలెను. కురుపాం మార్కెట్టు, సోల్జర్‌పేట, విక్టోరియా రాణి విగ్రహము, వెనుకటి షావుకారుల మేడలు చూచుకొనుచు పోయినచో, రేవుకు ఎదుట వరుసగా మూడు కొండలు కానవచ్చును. ఒకదానిపై వేంకటేశ్వరుని కోవెల, ఒకదానిపై ఇస్సాకు మదీనా దర్గా, ఒకదానిపై మేరీమాత దేవళము. సముద్రముపైకి పోవువారందరును తమ తమ దైవమునకు మ్రొక్కుకొని పోవుటకు వీలుగా నున్నవి. ఎక్కగలిగినవారు మూడింటిని ఎక్కవలెను. ఓపిక లేనివారు ఒక్కదానినైనను ఎక్కి, ఎదుటి డాల్ఫిన్స్ నోస్ కొండకును తాము నిలిచిన కొండకును నడుమనున్న ఇరుకు కాలువలో ఒక పెద్ద ఓడ మెల్లగా లోపలి హార్బరునకు పోవుట చూచువరకు దిగరాదు.

ఆ కాలువ ప్రకృతి యిచ్చినది కాదు. మేఘాద్రిగెడ్డ సముద్రములో కలియుచోట నుండిన బురదనేలను త్రవ్వి, మధ్యపరగణాల మాంగనీసు ఖనిజమునకు సముద్రద్వారముగా బెంగాల్ నాగపూరు రైల్వేవారు ఈ రేవును నిర్మించిరి. మన తీరమున ఇసుక దక్షిణమునుండి ఉత్తరమునకు నిరంతరము కదలుచుండును. ఎంత త్రవ్వినను ముఖద్వారము పూడిపోవు ప్రమాదము ఉండుటచేత, రెండు పాత ఓడలను తెచ్చి, రాళ్లతో నింపి, ద్వారమునకు దక్షిణమున ముంచి, అలలకును ఇసుకకును అడ్డుకట్ట చేసిరి. 1933 అక్టోబరు 7న సింధియా కంపెనీవారి జలదుర్గ యను ఓడ తొలిసారిగా లోనికి ప్రవేశించినది. డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ ప్రభువు లాంఛనముగా ప్రారంభోత్సవము గావించెను. ఆ సింధియా కంపెనీవారే 1941లో ఇచ్చట ఓడల కర్మాగారమునకు పునాది వేసిరి. మరుసటి యేట ఏప్రిలు 6న జపాను విమానములు ఈ ఊరిపై బాంబులు వేసినవి. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1948 మార్చిలో జలఉష యను నౌకను నెహ్రూ జలప్రవేశము చేయించెను. ప్రవాసులమైన మనకు ఈ తీరముతో మరియొక బంధుత్వము గలదు. కాకినాడ, విశాఖ, భీమునిపట్టణము, కళింగపట్టణము రేవులలో స్టీమరెక్కి రంగూనుకు కూలికి పోయిన మన పూర్వుల లెక్క ఎవరును సరిగా వ్రాసిపెట్టలేదు. విమానాశ్రయములో సామాను తూకమునకే విసుగుకొను మన పిల్లలకు ఆ డెక్కు ప్రయాణముల సంగతి ఈ కొండపైననే చెప్పవలెను.

సాయంకాలము బీచిరోడ్డున కురుసురా జలాంతర్గామిని చూడవచ్చును. 1969 మొదలు 2001 వరకు నౌకాదళమున సేవచేసిన ఆ నౌకలో నావికులు పండుకొనిన ఇరుకుటరలను చూచుట పిల్లలకు ఉపయోగము. ఆ పిమ్మట మూరీ మిక్చరు తినక తప్పదు.

రెండవ దినము ఉదయము భీమిలి దారిలో తొట్లకొండకు పోవలెను. రాతిలో తొలిచిన నీటితొట్లను బట్టి ఆ పేరు వచ్చినది. నౌకాదళమువారి విమానసర్వేలో బయల్పడిన ఈ బౌద్ధారామమున శాతవాహనుల సీసపు నాణెములతోబాటు రోమను వెండి నాణెములును దొరకినవి. ఐరోపాతో ఈ తీరమునకు గల లావాదేవీలు ఎంత పాతవో దీనినిబట్టి ఊహింపవచ్చును.

మధ్యాహ్నము ఉక్కునకు కేటాయింపవలెను. బీచిరోడ్డులోని తెన్నేటి పార్కున ఫొటోలు దిగువారిలో చాలమందికి తెన్నేటి విశ్వనాథముగారెవరో తెలియకపోవుట మాకు మిక్కిలి కష్టము కలిగించును. విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అను నినాదముతో 1966లో సాగిన ఉద్యమమునకు ఆయన నాయకులలో నొకరు. అక్టోబరులో టి. అమృతరావుగారు నిరశనదీక్ష పూనిరి. నవంబరు 1న విశాఖలో కాల్పులు జరిగినవి. ఆ ఉద్యమమున రాష్ట్రమంతట 32 మంది ప్రాణములు విడిచిరి. 1970 ఏప్రిలు 17న ఇందిరాగాంధీ కర్మాగారమును ప్రకటించి, మరుసటి జనవరి 20న శంకుస్థాపన చేసినను, పి.వి. నరసింహారావుగారు దానిని జాతికి అంకితము చేయుటకు 1992 ఆగస్టు 1 వరకు వేచియుండవలసి వచ్చినది. దేశమున సముద్రతీరముననే వెలసిన తొలి సమగ్ర ఉక్కు కర్మాగారమిది. దానికి సొంత ఇనుపగనులు నేటికిని లేవు. ఖనిజమును కొనుక్కొను భారముతో నలిగిన ఈ సంస్థను పూర్తిగా అమ్మివేయుటకు 2021 జనవరిలో కేంద్రము నిర్ణయించినది. కూర్మన్నపాలెము కూడలిలో కార్మికులు దీక్షాశిబిరము వేసి కూర్చుండిరి. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల సహాయము ప్రకటింపబడినది. గనులు లేక ఈ సహాయము ఎంతకాలము నిలుచునన్న శంక మాకు తీరలేదు.

లోపలికి పోవుటకు అనుమతి కావలెను; దానికై బయలుదేరుటకు ముందే వ్రాసికొనుట మంచిది. అనుమతి రాకున్నను ఆ దారిని పోవుట మానవలదు. ఈ కర్మాగారము కొరకు అరువదికి పైగా గ్రామములు ఖాళీ అయినవి. నిర్వాసితులకు పునరావాసపు ఆర్‌కార్డు లిచ్చి, ఉద్యోగము లిత్తుమని చెప్పి, అగనంపూడి, వడ్లపూడి, పెదగంట్యాడ కాలనీలకు తరలించిరి; ఆ కార్డు చేతబట్టుకొని ఉద్యోగము రాకయే ముసలివారైనవారు అనేకులు. ఆ కుటుంబములలో పుట్టి నేడు ఈ దేశములలో స్థిరపడినవారు మన సభ్యులలోను ఉండవచ్చును. వారు ఈసారి పోయినప్పుడు పెద్దలచేత పోయిన ఊరి పేరు, చెరువు పేరు, గ్రామదేవత పేరు చెప్పించుకొని మాకు వ్రాసి పంపవలెనని కోరుచున్నాము. సంక్రాంతి సంచికలో నాలుగు పుటలు వారికొరకు విడిచియుంచితిమి.