పదివేల బ్లూటూత్ స్పీకర్ కొనే ముందు ఒకసారి అటక ఎక్కండి

ఈ సైట్‌లో నేను రాసేదంతా కొత్త వస్తువుల గురించే. ఈసారి మాత్రం 1989 నాటి స్పీకర్ల జత గురించి రాస్తున్నాను. రివ్యూ కోసం ఎన్ని బ్లూటూత్ స్పీకర్లు చేతుల మీదుగా వెళ్లినా, ఊరెళ్తే నేను పాటలు వినేది మాత్రం అంబాజీపేట దగ్గర మా మావయ్య గారి కారు షెడ్డులోనే. పాత రోజుల మీద బెంగ అనుకోకండి. నాకు ఊహ తెలిసేసరికే ఆ స్పీకర్లు అటకెక్కేశాయి.

మావయ్య 80ల్లో కువైట్‌లో డ్రైవర్‌గా పనిచేశారు. కోనసీమలో గల్ఫ్‌కి వెళ్లొచ్చిన ఇల్లు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తుంది. సెలవుకి వచ్చేవాళ్లు టూ-ఇన్-వన్ తెచ్చేవారు. మావయ్య ఇంకో మెట్టెక్కి 1989లో జపాన్ మేక్ స్టీరియో సెట్టు తెచ్చారు: కేసెట్ డెక్, యాంప్లిఫయర్, రెండు చెక్క బాక్సులు. మరుసటి ఏడాది ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. జోర్డాన్ రాజధాని అమ్మాన్ నుంచి ఎయిర్ ఇండియా విమానాల్లో లక్ష మందికి పైగా మనవాళ్లని వెనక్కి తెచ్చారు. వాళ్లలో మావయ్య ఒకరు. దిగేటప్పుడు చేతిలో ఒక్క బ్యాగ్. ఆయన కువైట్ నుంచి తెచ్చుకున్న సామానులో మిగిలింది ఈ సెట్టే.

1996 నవంబరు తుఫానుకి ఇంట్లోకి నీళ్లొస్తే, బియ్యం బస్తాల కంటే ముందు స్పీకర్లనే అటక మీదకి ఎక్కించారట. అత్తయ్య ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది. అప్పుడు ఎక్కినవి మళ్లీ దిగలేదు. పోయినేడాది పాత సామాన్లవాడు రెండొందలు ఇస్తానంటే మావయ్య సరేననేశారు. "ఉండండి మావయ్యా, ఓసారి చూస్తాను" అని నేనే కిందకి దించాను.

పాడైంది ఏంటి?

వూఫర్ కోన్ చుట్టూ ఒక ఫోమ్ రింగ్ ఉంటుంది. కోన్ ముందుకీ వెనక్కీ ఆడేది దాని ఆధారంతోనే. వేలు పెడితే అది పొడిపొడిగా రాలిపోయింది. ఈ ఫోమ్ వాడినా వాడకపోయినా ఏళ్లు గడిచేకొద్దీ గాలికీ తేమకీ కుళ్లిపోతుంది. ఇక కోనసీమ గాలి సంగతి చెప్పక్కర్లేదు కదా. మల్టీమీటర్ పెడితే వాయిస్ కాయిల్ 6 ఓమ్స్ దగ్గర చూపించింది. 8 ఓమ్స్ అని రాసున్న స్పీకర్‌కి అది మామూలు రీడింగే. అంటే కాయిల్ బతికే ఉంది.

అమలాపురంలో ఒక పెద్దాయన, పాత రేడియో మెకానిక్, చూసి "కోన్ బంగారంలా ఉందండి. ఫోమ్ మారిస్తే ఇంకో ఇరవై ఏళ్లు పాడతాదండి" అన్నారు. ఆన్‌లైన్‌లో తెప్పించిన ఫోమ్ రింగులు, క్రాసోవర్‌లోకి కొత్త కెపాసిటర్లు, ఆయన మజూరీ అన్నీ కలిపి 2,300 రూపాయలు. ఆయన బల్ల నిండా ఇప్పుడు మిక్సీలు, టీవీ బోర్డులే. స్పీకర్ కోన్ పని వచ్చి ఎన్నాళ్లయిందో ఆయనకే గుర్తులేదు. కొడుకు ఈ పని నేర్చుకోలేదట. పాత స్పీకర్ల విషయంలో తొందరపడమని నేను అనేది అందుకే. స్పీకర్లు ఇంకా దొరుకుతాయి. బాగు చేసేవాళ్లు దొరికే రోజులే తగ్గిపోతున్నాయి.

పాత యాంప్లిఫయర్‌లో కెపాసిటర్లు ఉబ్బిపోయాయి, దాన్ని పక్కన పెట్టాను. బదులుగా ఒక చిన్న క్లాస్-డి యాంప్లిఫయర్, ఫోన్ నుంచి యూఎస్‌బీ-సీ డాంగిల్. అంతే సెటప్.

షెడ్డులో వినాలంటే

కారు బయటపెట్టి షెడ్డు మధ్యలో నిలబడి ఒక చప్పట్లు కొట్టాను. సిమెంటు గోడల మధ్య ఆ చప్పుడు టపటపమని తిరుగుతూ వినిపించింది. ఈ గొంతుతో పాట వింటే తలనొప్పే. స్టూడియోల్లో దీనికి ఖరీదైన ప్యానెల్స్ వాడతారు. మాకు మూలల్లో ధాన్యం బస్తాలు, వెనక గోడకి బూరుగు దూది పరుపు, పక్కన కొబ్బరి పీచు సంచులు. మళ్లీ చప్పట్లు కొడితే చప్పుడు అక్కడికక్కడే ఆగిపోయింది. రేకు షట్టర్ మాత్రం బేస్‌కి గడగడలాడుతుంది, దాన్ని పైకెత్తేయాల్సిందే.

ఒక టిప్: వైర్లు బిగించాక 1.5 వోల్టుల బ్యాటరీని ఒక్క క్షణం స్పీకర్ వైర్లకి తాకించండి. ప్లస్‌ని ప్లస్‌కే తాకించినప్పుడు రెండు వూఫర్లూ ఒకే వైపు కదలాలి. ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ వెళ్తే బేస్ మాయమవుతుంది, గొంతు ఎటు నుంచి వస్తోందో తెలీదు.

అంకెల మోసం

మన నాన్నల కాలంలో డబ్బాల మీద పీఎంపీఓ అని వెయ్యి వాట్లు రాసేవారు. లోపల నిజంగా వచ్చేది పదో పరకో. ఇప్పుడా నాలుగక్షరాలు దాదాపు పోయాయి, పెద్ద అంకె పిచ్చి మాత్రం పోలేదు. నిజానికి వాట్స్‌తో పాటు స్పీకర్ సెన్సిటివిటీ కూడా చూడాలి. 87 డెసిబెల్ స్పీకర్‌కి 10 వాట్లు ఇస్తే వచ్చే శబ్దం, 90 డెసిబెల్ స్పీకర్‌కి 5 వాట్లతోనే వస్తుంది. పెద్ద వూఫర్, పెద్ద చెక్క బాక్సు ఉన్న పాత స్పీకర్లు చాలావరకు ఇక్కడే గెలుస్తాయి. షెడ్డులో నేను వాల్యూమ్ సగం కూడా దాటించను.

ఇంకోటి, స్టీరియో. ఎల్‌డాక్ 990 కేబీపీఎస్ అని మనం గంటలు గంటలు వాదించుకుంటాం. వినేది మాత్రం జానెడు డబ్బాలో. ఎడమ, కుడి స్పీకర్ల మధ్య జానెడు దూరం ఉంటే నాలుగడుగులు వెనక్కి జరిగేసరికి స్టీరియో పేరుకే మిగులుతుంది. రెండు బాక్సులని ఆరడుగుల దూరంలో పెట్టి, వాటికి అంతే దూరంలో కూర్చోండి. అప్పుడు తెలుస్తుంది తేడా.

మొదటి రోజు ఇళయరాజా 'గీతాంజలి' పెట్టాను. అది కూడా 1989దే. ఎస్పీబీ గొంతు రెండు బాక్సుల్లో దేంట్లోంచీ రాలేదు. మధ్యలో, ఖాళీ గోడ ముందు నిలబడి పాడుతున్నట్టుంది. మావయ్య ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. రెండు పాటలయ్యాక, ఎవరూ అడక్కుండానే, కువైట్‌లో రూమ్ గురించి, అమ్మాన్ దాకా ఎడారి ప్రయాణం గురించి చెప్పడం మొదలుపెట్టారు. ఆయన నోట ఆ రోజుల మాట నేను వినడం అదే మొదటిసారి. ఇయర్‌బడ్స్ పెట్టుకుని ఉంటే ఆయన నాకు వినిపించేవారే కాదు.

లోపాలు లేవా?

ఉన్నాయి. పై ఫ్రీక్వెన్సీల్లో ఇవాళ్టి మంచి బుక్‌షెల్ఫ్ స్పీకర్లంత క్లారిటీ వీటికి లేదు. రేకుల మీద వాన మొదలైతే పాట ఆపేయాల్సిందే. బరువెక్కువ, ఎక్కడికీ పట్టుకెళ్లలేం. ట్వీటర్ కాలిపోయినా, వాయిస్ కాయిల్ రీడింగ్ రాకపోయినా, బాక్సు చెక్క తడికి ఉబ్బిపోయినా ఆశ వదులుకోండి. 'వింటేజ్' అని పేరు పెట్టి ఇరవై వేలు అడిగేవాళ్లకి దణ్ణం పెట్టి వచ్చేయండి. ఇంట్లో ఊరికే పడున్న వాటికే నా సలహా.

మన ఇయర్‌బడ్స్‌లో బ్యాటరీ రెండు మూడేళ్లలో నీరసిస్తుంది. చాలా మోడల్స్‌లో దాన్ని మార్చే దారి ఉండదు. ఈ బాక్సులు ఒక యుద్ధాన్ని, ఒక తుఫానుని దాటి, 2,300 రూపాయలకి మళ్లీ పాడుతున్నాయి. కొత్తది కొనొద్దని నేననను, నా ఉద్యోగమే అది. ఈ సంక్రాంతికి ఊరెళ్తే మాత్రం అటక ఎక్కండి. స్పీకర్ బాక్సు కనిపిస్తే ముందు గుడ్డ తీసి ఫోమ్ నొక్కి చూడండి. పొడైపోయినా కంగారొద్దు. మీ ఊరి మెకానిక్ ఇంకా షాపు తీస్తున్నాడో లేదో కనుక్కోండి చాలు.